రెండు కీలు కలిపి నొక్కితే ఆట ఆగాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ అంతటా ఒకే ఆటను ఉదాహరణగా తీసుకుందాం. అటారీ 1972లో తెచ్చిన పాంగ్ లాంటిదే: ఒక బంతి, రెండు బ్యాట్లు, ఒకే కీబోర్డు ముందు ఇద్దరు ఆటగాళ్లు. ఎడమవైపు వాళ్లకు డబ్ల్యూ, ఎస్ కీలు. కుడివైపు వాళ్లకు పైకీ కిందకీ చూపే బాణం కీలు. ఆట ఆగాలంటే ఎడమవాళ్లు క్యూ, కుడివాళ్లు ఎంటర్, రెండూ కలిపి నొక్కాలి. బంతి తన వెనక్కి పోబోతున్న క్షణంలో ఒక్కరే గబుక్కున ఆట ఆపేయకుండా ఈ ఏర్పాటు. కోడ్ విషయాలు ఎక్కువగా పైథాన్ భాష, అందులో ఆటలు రాయడానికి వాడే పైగేమ్ లైబ్రరీ మీద చెప్పాను. బ్రౌజర్, యూనిటీ, టర్టిల్, స్క్రాచ్‌లలో ఎక్కడ తేడా వస్తుందో అక్కడే చెప్పాను.

రెండు కీలు "ఒకేసారి" నొక్కారని కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది?

తెలియదు. అన్ని చిక్కులూ ఇక్కడి నుంచే మొదలవుతాయి. మీ ప్రోగ్రామ్‌కి "క్యూ, ఎంటర్ కలిసి వచ్చాయి" అనే కబురు ఎప్పుడూ రాదు. క్యూ కిందకి వెళ్లిందని ఒక ఈవెంట్ (ఏదో జరిగిందని ప్రోగ్రామ్‌కి వచ్చే కబురు), ఎంటర్ కిందకి వెళ్లిందని ఇంకో ఈవెంట్, ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మన కంటికి ఒకేసారి నొక్కినట్టు కనిపించినా వాటి మధ్య కొన్ని మిల్లీసెకన్ల తేడా ఉంటుంది. ఇద్దరు మనుషులు నొక్కితే ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

కాబట్టి "కలిసి" అంటే ఏమిటో మీరే నిర్ణయించాలి. మన ఆటకు సరిపోయే అర్థం ఇది: రెండో కీ కిందకి వెళ్లిన క్షణంలో మొదటి కీ ఇంకా కిందే ఉండాలి. ఆ సంగతి చెప్పాలంటే ఏయే కీలు ఇప్పుడు నొక్కి ఉన్నాయో మీ ప్రోగ్రామ్ దగ్గర ఒక లెక్క ఉండాలి. కీ కిందకి వెళ్లిందని చెప్పే కీడౌన్ ఈవెంట్ తలుపు తెరుచుకున్న చప్పుడు లాంటిది. తలుపు ఇంకా తెరిచే ఉందా అన్నది ఆ చప్పుడులో ఉండదు, మీరే గుర్తుపెట్టుకోవాలి.

ఈవెంట్ కీ క్యూకి సమానమా, ఎంటర్‌కి సమానమా అని "అండ్" పెట్టి అడిగాను. ఎప్పుడూ పనిచేయడం లేదు. ఎందుకు?

ఒక ఈవెంట్‌లో ఒకే కీ ఉంటుంది. అదే కీ క్యూ కూడా, ఎంటర్ కూడా అవ్వడం కుదరదు. అందుకే ఆ షరతు ఎన్నటికీ నిజం కాదు.

దీనికి ఇంకో రెండు చుట్టాలున్నాయి. "కీ క్యూకి సమానం, లేదా ఎంటర్" అని రాస్తే, పైథాన్ ఆ రెండో భాగంలో దేన్నీ పోల్చదు. ఎంటర్ స్థిరాంకం సున్నా కాదు కాబట్టి దాన్ని నిజంగానే తీసుకుంటుంది. ఏ కీ నొక్కినా ఆట ఆగిపోతుంది. ఇక గెట్ ప్రెస్డ్ (ఇప్పుడు ఏయే కీలు నొక్కి ఉన్నాయో చెప్పే పైగేమ్ ఫంక్షన్) ఇచ్చిన జాబితాలో చదరపు బ్రాకెట్ల లోపల "క్యూ అండ్ ఎంటర్" అని పెడితే, పైథాన్ ఆ ముక్కను ముందుగా లెక్కగట్టి ఎంటర్‌ని మాత్రమే మిగులుస్తుంది. ఎంటర్ ఒక్కటి నొక్కినా చాలు, ఆట ఆగుతుంది. ఇది చాలాసేపు తప్పించుకు తిరిగే తప్పు, ఎందుకంటే రెండూ నొక్కి పరీక్షించినప్పుడు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అందుకే పరీక్షించేటప్పుడు ఒక్కో కీని విడిగా కూడా నొక్కి చూడండి. ఏమీ జరగకూడదు.

సరైన పద్ధతి ఎలా ఉంటుంది?

పైథాన్ రాకపోయినా అర్థమయ్యేలా తెలుగులోనే రాస్తున్నాను:

నొక్కినవి = ఖాళీ సెట్
ఆగింది = అబద్ధం
సిద్ధం = నిజం

ప్రతి ఫ్రేమ్‌లో (తెరను ఒక్కోసారి గీసే చుట్టులో):
— వచ్చిన ఒక్కో ఈవెంట్‌నీ వరుసగా చూడు
— కీడౌన్ అయితే: ఆ కీని "నొక్కినవి"లో చేర్చు. ఇప్పుడు క్యూ, ఎంటర్ రెండూ అందులో ఉండి, "సిద్ధం" నిజమైతే: "ఆగింది"ని తిరగేసి, "సిద్ధం"ని అబద్ధం చెయ్యి
— కీఅప్ (కీ వదిలిన కబురు) అయితే: ఆ కీని "నొక్కినవి" నుంచి తీసెయ్యి. క్యూ కూడా లేక, ఎంటర్ కూడా లేకపోతే: "సిద్ధం"ని నిజం చెయ్యి
— "ఆగింది" అబద్ధమైతేనే బంతినీ బ్యాట్లనూ కదుపు
— తెర మాత్రం ప్రతిసారీ గీయి

పైథాన్‌లో సెట్ నుంచి తీసేటప్పుడు రిమూవ్ కాకుండా డిస్కార్డ్ వాడండి. మీ విండో తెరుచుకోకముందే నొక్కి ఉన్న కీని తర్వాత వదిలితే, మీరు ఎన్నడూ చేర్చని కీకి కీఅప్ రావచ్చు. అప్పుడు రిమూవ్ ఎర్రర్ ఇచ్చి ఆటనే పడగొడుతుంది. డిస్కార్డ్ ఏమీ అనదు.

"సిద్ధం" అనే ఆ మూడో గుర్తు ఎందుకు? అది లేకుండా కుదరదా?

అది లేకపోతే రెండు ఇబ్బందులు వస్తాయి. మొదటిది చాలామందికి ఎదురయ్యేదే: ఆట ఆగుతుంది, వెంటనే నడుస్తుంది, మళ్లీ ఆగుతుంది. ఫ్రేమ్‌కి ఒకసారి "రెండూ నొక్కి ఉన్నాయా" అని అడిగి, ఉంటే తిరగేస్తూ పోతే ఇలాగే జరుగుతుంది. సెకనుకి 60 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు. మనిషి వేలు కీ మీద అంతకన్నా చాలా ఎక్కువసేపు ఉంటుంది. ఆ కాసేపట్లో ఆట చాలాసార్లు ఆగి నడుస్తుంది, చివరికి ఏ స్థితిలో మిగిలితే అదే. ఆడేవాళ్లకి అది "ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి చేయదు" అనిపిస్తుంది.

రెండో ఇబ్బంది మన ఇద్దరి ఆటకే ప్రత్యేకం. ఎడమవాళ్లు క్యూ నొక్కిపెట్టే ఉంచారనుకోండి. అప్పుడు కుడివాళ్లు ఎంటర్ ఒక్కటీ తడుతూ ఆటను వాళ్లిష్టం వచ్చినట్టు ఆపుతూ నడుపుతూ ఉండొచ్చు. ఇద్దరి ఒప్పందం అన్న మాటకి అర్థం ఉండదు. అందుకే ఒకసారి తిరగేశాక రెండు కీలూ వదిలేదాకా ఇంకో మార్పు ఒప్పుకోకూడదు. ఒంటరిగా ఆడే ఆటలో అయితే రెండింటిలో ఒకటి వదిలినా చాలనుకోవచ్చు. ఇద్దరి ఆటలో మాత్రం రెండూ వదలాల్సిందే.

ఇంకా గట్టిగా ఉండాలంటే ప్రతి కీ ఎప్పుడు కిందకి వెళ్లిందో సమయం కూడా రాసిపెట్టుకుని, రెండింటి మధ్య ఒక సెకను కన్నా ఎక్కువ తేడా ఉంటే లెక్కలోకి తీసుకోకండి. ముందే నొక్కి కూర్చునే అలవాటు దాంతో పోతుంది.

గెట్ ప్రెస్డ్ వాడితే ఇంత లెక్క పెట్టుకోనక్కర్లేదు కదా?

బ్యాట్లు కదపడానికి అదే మంచిది. డబ్ల్యూ నొక్కి ఉన్నంతసేపూ బ్యాటు పైకి వెళ్లాలి, ఇప్పుడు నొక్కి ఉందా లేదా అన్నదే అక్కడ కావలసింది. ఆపడానికి మాత్రం నేను ఈవెంట్లనే నమ్ముతాను. రెండు ఫ్రేముల మధ్యలోనే కీ కిందకి వెళ్లి పైకి వచ్చేస్తే గెట్ ప్రెస్డ్‌కి ఆ నొక్కుడు జరిగినట్టే తెలియదు. ఆట నెమ్మదించి ఫ్రేములు తగ్గినప్పుడు ఇది నిజంగానే జరుగుతుంది, సరిగ్గా అలాంటప్పుడే ఆడేవాళ్లు ఆట ఆపాలనుకుంటారు. ఈవెంట్లు వరుసలో దాచి ఉంటాయి కాబట్టి తప్పిపోవు.

ఒకవేళ గెట్ ప్రెస్డే వాడదలిస్తే పోయిన ఫ్రేమ్‌లో రెండూ నొక్కి ఉన్నాయా అన్న జవాబును దాచుకుని, అప్పుడు లేక ఇప్పుడు ఉంటేనే తిరగేయండి. ఇంకొక మాట: ఈవెంట్ల వరుసను ఖాళీ చేయకుండా గెట్ ప్రెస్డ్ అడిగితే పాత జవాబే వస్తూ ఉంటుంది. ప్రతి ఫ్రేమ్‌లో ఈవెంట్ గెట్ గానీ పంప్ గానీ పిలవాలి.

కంట్రోల్ పీ లాంటి జోడీకి కూడా ఇదంతా అవసరమా?

అక్కర్లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్ లాంటి తోడు కీల స్థితిని కీడౌన్ ఈవెంటే తనతోపాటు తెస్తుంది. పైగేమ్‌లో అది మాడ్ అనే అంకె. పీ నొక్కిన ఈవెంట్ రాగానే ఆ అంకెలో కంట్రోల్ బిట్ ఉందో లేదో చూస్తే సరిపోతుంది. కాకపోతే "సమానమా" అని పోల్చకండి, బిట్ అండ్ చేసి, ఆ ఒక్క బిట్ ఉందో లేదో మాత్రమే చూడండి. నమ్ లాక్ వెలిగి ఉంటే దాని బిట్ కూడా అదే అంకెలో చేరుతుంది. అప్పుడు సమానం అన్న పోలిక తప్పిపోతుంది. మీ ల్యాప్‌టాప్‌లో పనిచేసి, స్నేహితుడి పెద్ద కీబోర్డు మీద పనిచేయలేదంటే ముందు ఇది చూడండి.

మూడో కీ నొక్కి ఉంటే నాలుగోది పట్టడం లేదు. కోడ్ తప్పా, కీబోర్డు తప్పా?

చాలావరకు కీబోర్డే. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కోడ్ సరిగ్గానే ఉన్నా దాన్నే మళ్లీ మళ్లీ మార్చుకుంటూ ఎంతోమంది సాయంత్రాలు పోగొట్టుకుంటారు.

కీబోర్డు లోపల ప్రతి కీకీ విడిగా తీగ ఉండదు. అడ్డంగా కొన్ని గీతలు, నిలువుగా కొన్ని గీతలు, అవి కలిసే చోట కీలు. లోపలి చిప్ ఒక్కో గీతనూ వరుసగా తడిమి ఎక్కడ కలిసిందో చూస్తుంది. ఏ రెండు కీలు నొక్కినా అది తేలిగ్గా చెప్పేస్తుంది. మూడు కీలు ఒక దీర్ఘచతురస్రానికి మూడు మూలల్లో పడితే మాత్రం కరెంటు చుట్టూ తిరిగి వచ్చి నాలుగో మూలలో ఉన్న కీ కూడా నొక్కినట్టు కనిపిస్తుంది. దీన్నే ఘోస్టింగ్ అంటారు. లేని కీని పంపడం కన్నా పంపకపోవడం మేలని చాలా కీబోర్డులు అలాంటి మూడో కీని మింగేస్తాయి. ఖరీదైన కీబోర్డుల్లో ప్రతి కీ దగ్గరా ఒక డయోడ్ పెట్టి కరెంటు వెనక్కి రాకుండా ఆపుతారు, అక్కడ ఈ బాధ ఉండదు.

దీనికి తోడు యూఎస్‌బీ వైపు ఇంకో హద్దు ఉంది. బూట్ ప్రోటోకాల్ అనే పాత పద్ధతిలో కీబోర్డు ఒకసారికి 8 బైట్లు పంపుతుంది: తోడు కీలు ఎనిమిదింటికీ కలిపి ఒక బైటు, ఖాళీగా ఒకటి, మిగతా ఆరు బైట్లలో ఆరు మామూలు కీలు. ఏడోదానికి చోటు లేదు. మన ఆటకు ఆరు చాలు. ఇద్దరూ బ్యాటు కదుపుతూనే ఆపాలనుకుంటే డబ్ల్యూ, పై బాణం, క్యూ, ఎంటర్, అంటే నాలుగు కీలు. ఆ నాలుగూ మీ కీబోర్డు మీద కలిసి పడతాయా లేదా అన్నది తీగల అమరికను బట్టి ఉంటుంది, అమరిక ఒక్కో మోడల్‌లో ఒక్కోలా ఉంటుంది. "నొక్కినవి" సెట్‌ని తెర మీద ఒక మూల రాయించి, నాలుగూ నొక్కి చూడండి. ఒకటి కనిపించకపోతే జోడీ మార్చండి. షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్ కీలను తయారీదారులు సాధారణంగా ఈ గొడవలో పడకుండా అమరుస్తారు. ఎడమ కంట్రోల్, కుడి కంట్రోల్ మంచి జోడీ, కుడి కంట్రోల్ లేని ల్యాప్‌టాపులు ఉన్నాయన్నది మాత్రం మరిచిపోకండి.

ఏ కీలు ఎంచుకోవడం మంచిది?

పొరపాటున కలిసి పడనివి. కంట్రోల్ ఆల్ట్ డిలీట్ జోడీని ఐబీఎం ఇంజనీరు డేవిడ్ బ్రాడ్లీ మొదటి ఐబీఎం పీసీ కోసం పెట్టినప్పుడు ఆలోచన ఇదే: ఒక చెయ్యి తగిలి యంత్రం రీస్టార్ట్ కాకూడదు.

షిఫ్ట్ కీలకి దూరంగా ఉండండి. విండోస్‌లో షిఫ్ట్‌ని వరుసగా ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ పెట్టె ఆట మీదకి వచ్చి కూర్చుంటుంది. ఆల్ట్ కూడా వద్దు, ఆల్ట్ ట్యాబ్‌తో విండో మారిపోతుంది. బ్రౌజర్ ఆటలో కంట్రోల్ డబ్ల్యూ అస్సలు వద్దు, ట్యాబే మూసుకుపోతుంది. క్రోమ్‌లో మామూలు ట్యాబ్‌లో కంట్రోల్ డబ్ల్యూ, కంట్రోల్ టీ, కంట్రోల్ ఎన్‌లను పేజీ అడ్డుకోలేదు. కంట్రోల్ పీ ప్రింట్ పెట్టె తెరుస్తుంది, దాన్ని ప్రివెంట్ డిఫాల్ట్‌తో (బ్రౌజర్ తనంతట తాను చేసే పనిని వద్దనే ఆదేశం) ఆపవచ్చు. స్పేస్, బాణం కీలు వాడితే పేజీ కదిలిపోకుండా కూడా అదే చేయాలి.

మీరు ఎంటర్ అనుకున్నది పెద్ద కీబోర్డుల్లో రెండు చోట్ల ఉంటుంది. అంకెల వైపు ఉన్న ఎంటర్ పైగేమ్‌లో వేరే కీ. కుడివాళ్లు ఏది నొక్కినా పనిచేసేలా రెండింటినీ ఒప్పుకోండి.

ఆటలో వాడే కీలతోనే ఆపవచ్చా? డబ్ల్యూ, ఎస్ కలిపి నొక్కితే ఆగేలా?

కుదురుతుంది, కానీ నేను వద్దంటాను. బ్యాటు పైకి వెళ్తూ దిశ మార్చేటప్పుడు చాలామంది వేళ్లు ఒక క్షణం రెండు కీల మీదా ఉంటాయి. ప్రతిసారీ ఆట ఆగుతుంది. తప్పించాలంటే మొదటి కీ వచ్చాక ఏ 80 మిల్లీసెకన్లో ఆగి, రెండోది వస్తుందేమో చూసి, అప్పుడు బ్యాటు కదపాలి. అంటే సెకనుకి 60 ఫ్రేముల ఆటలో దాదాపు ఐదు ఫ్రేముల ఆలస్యం, ప్రతి కదలికకీ. వేగమైన ఆటలో అది ఆడేవాళ్ల చేతికి తెలిసిపోతుంది. ఎప్పుడో ఒకసారి వాడే పాజ్ కోసం ఆటంతా బరువెక్కించడం న్యాయం కాదు.

బ్రౌజర్‌లో ఒక కీ నొక్కినట్టే ఉండిపోతోంది. చెయ్యి తీసినా వదలడం లేదు.

కీఅప్ మీకు చేరలేదు. కీ నొక్కి ఉండగా వేరే ట్యాబ్‌కో వేరే విండోకో వెళ్తే, వదిలిన కబురు అక్కడికి పోతుంది. మీ సెట్‌లో ఆ కీ అలాగే ఉండిపోతుంది. తిరిగొచ్చాక ఎంటర్ ఒక్కటి నొక్కినా ఆట ఆగుతుంది. విండో బ్లర్ ఈవెంట్ (మీ విండో ముందు నుంచి తప్పుకుందన్న కబురు) రాగానే సెట్‌ని పూర్తిగా ఖాళీ చేసి, "సిద్ధం"ని మళ్లీ నిజం చేయండి. పనిలో పనిగా ఆటను కూడా ఆపేయండి. వేరే విండోకి వెళ్లినవాళ్లు బంతిని చూడటం లేదు.

మ్యాక్‌లో ఇంకో చిక్కు: కమాండ్ కీ నొక్కి ఉండగా వేరే కీని వదిలితే బ్రౌజర్ దాని కీఅప్ పంపదు. కమాండ్ వదిలినప్పుడు కూడా సెట్ ఖాళీ చేయడమే దీనికి మందు. పైగేమ్ 2లో ఈ బాధ తక్కువ. దాని కింద ఉన్న ఎస్‌డీఎల్ 2 లైబ్రరీ, ఫోకస్ పోగానే (అంటే వేరే విండో ముందుకి రాగానే) నొక్కి ఉన్న కీలన్నిటికీ కీఅప్ తనే పంపుతుంది. అక్కడ ఆట ఆపడానికి విండో ఫోకస్ లాస్ట్ ఈవెంట్ చూసుకుంటే చాలు.

బ్రౌజర్‌లో కీ నొక్కిపెట్టి ఉంచితే కీడౌన్ పదేపదే వస్తుంది. ఈవెంట్‌లో రిపీట్ నిజమైతే పట్టించుకోకండి. పైగేమ్‌లో మీరుగా సెట్ రిపీట్ పెట్టకపోతే ఇలా రాదు.

తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉంటే ఆట ఆగడం లేదు. ఏం చేయాలి?

బ్రౌజర్ ఆటలో ఈవెంట్ కీ అనే దాన్ని చూస్తున్నట్టున్నారు. అది కీ మీద పడే అక్షరాన్ని చెబుతుంది. ఇన్‌స్క్రిప్ట్ తెలుగు అమరికలో పీ కీ నొక్కితే వచ్చేది "జ". క్యూ నొక్కితే ఔత్వం వస్తుంది. మీ కోడ్ క్యూ కోసం ఎదురు చూస్తూనే ఉంటుంది. మనలో చాలామంది తెలుగులో మెసేజ్ రాసి, అమరిక మార్చకుండానే ఆట తెరుస్తారు కాబట్టి ఇది నిజంగా ఎదురయ్యే సమస్యే.

ఈవెంట్ కోడ్ వాడండి. అది కీబోర్డు మీద కీ ఉన్న చోటును చెబుతుంది, భాష ఏదైనా మారదు. ఫ్రెంచి కీబోర్డు మీద డబ్ల్యూ ఉండాల్సిన చోట జెడ్ ఉంటుంది. కోడ్ వాడితే అక్కడి ఆటగాడికి కూడా బ్యాటు కీలు చేతికి అందే చోటే ఉంటాయి. అయితే తెర మీద "క్యూ నొక్కండి" అని రాసేటప్పుడు ఆ కీ మీద అందరికీ అదే అక్షరం ఉండదని గుర్తుంచుకోండి.

టర్టిల్‌లో, స్క్రాచ్‌లో, యూనిటీలో ఎలా?

టర్టిల్‌లో జోడీకి నేరుగా దారి లేదు. ఆన్ కీప్రెస్‌లో సెట్‌కి చేర్చి, ఆన్ కీరిలీజ్‌లో తీసేయడమే. లినక్స్‌లో మాత్రం జాగ్రత్త: నొక్కిపెట్టిన కీకి వదిలినట్టు, మళ్లీ నొక్కినట్టు జంటలుగా ఈవెంట్లు వస్తూ ఉంటాయి. వదిలినట్టు రాగానే నమ్మకుండా కొన్ని మిల్లీసెకన్లు ఆగి, మళ్లీ నొక్కినట్టు రాకపోతేనే తీసేయండి.

స్క్రాచ్‌లో "కీ నొక్కి ఉందా" బ్లాకులు రెండింటిని "మరియు" బ్లాకులో పెట్టి, తిరగేశాక "రెండూ వదిలేదాకా ఆగు" అని ఒక బ్లాకు చేర్చండి. పిల్లలకి ఈ ఆఖరి బ్లాకు ఎందుకో చూపించాలంటే అది తీసేసి ఒకసారి ఆడించండి.

యూనిటీ పాత ఇన్‌పుట్ పద్ధతిలో గెట్ కీ డౌన్ రెండుసార్లు పెట్టి "అండ్" అనకండి. రెండూ ఒకే ఫ్రేమ్‌లో పడితే తప్ప అది నిజం కాదు. ఒకదానికి గెట్ కీ, రెండోదానికి గెట్ కీ డౌన్ పెట్టి, అటూ ఇటూ మార్చి కూడా రాయండి. ఏది ముందు నొక్కినా పనిచేయాలి. టైమ్ స్కేల్ (ఆట సమయం నడిచే వేగం) సున్నా చేస్తే, ఫ్రేమ్‌కి ఒకసారి పిలిచే అప్‌డేట్ నడుస్తూనే ఉంటుంది, కీలు అక్కడ చదవచ్చు. ఫిక్స్‌డ్ అప్‌డేట్ మాత్రం ఆగిపోతుంది. కీలు చదివే కోడ్ అందులో పెడితే ఆగిన ఆట మళ్లీ లేవదు.

సీ భాషలో, నల్ల తెర మీద గెట్‌చ్‌తో కుదురుతుందా?

కుదరదు. గెట్‌చ్ అనేది నొక్కిన కీని చదివే ఫంక్షన్, దానికి అక్షరాలే వస్తాయి. కీ వదిలిన సంగతి దానికి తెలిసే దారి లేదు. విండోస్‌లో అయితే గెట్ ఎసింక్ కీ స్టేట్ అనే ఫంక్షన్ ఒక్కో కీ ఇప్పుడు నొక్కి ఉందో లేదో చెబుతుంది. అది మీ విండో ముందు లేనప్పుడు కూడా చెబుతుందని గమనించండి.

ఆట ఆగింది. మళ్లీ నడిపితే బంతి ఎక్కడికో ఎగిరిపోతోంది.

పోయిన ఫ్రేమ్ నుంచి ఎంత సమయం గడిచిందో దాన్ని బట్టి బంతిని కదుపుతున్నారు. ఆగి ఉన్నంతసేపూ గడియారాన్ని తట్టకపోతే, నడిపిన మొదటి ఫ్రేమ్‌కి ఆ సమయమంతా ఒకేసారి వచ్చి పడుతుంది. ఆగి ఉన్నప్పుడు కూడా పైగేమ్‌లో గడిచిన సమయాన్ని ఇచ్చే క్లాక్ టిక్ పిలుస్తూనే ఉండండి, వచ్చిన విలువను మాత్రం ఆటకి ఇవ్వకండి.

ఆట గడియారం కూడా ఇలాగే. పైగేమ్ మొదలైనప్పటి నుంచి గడిచిన సమయం చెప్పే గెట్ టిక్స్ పాజ్‌ని ఎరగదు, నడుస్తూనే ఉంటుంది. మీదే ఒక ఆట సమయం పెట్టుకుని, ఆగనప్పుడు మాత్రమే దానికి కలుపుతూ పోండి. శబ్దాల విషయంలో మిక్సర్ పాజ్ (చిన్న శబ్దాలను ఆపేది) వేరు, మిక్సర్ మ్యూజిక్ పాజ్ (నేపథ్య సంగీతాన్ని ఆపేది) వేరు. రెండూ పిలవాలి.

ఆగి ఉన్నప్పుడు ఈవెంట్లు చదవడం మానకండి. మానితే మళ్లీ నడపమన్న జోడీ వినబడదు, కాసేపటికి విండో స్పందించడం లేదని ఆపరేటింగ్ సిస్టమ్ అంటుంది.

నడిపిన వెంటనే బంతి కదలకుండా మూడు, రెండు, ఒకటి అని లెక్కపెట్టండి. జోడీ మీద ఉన్న వేళ్లు బ్యాటు కీల మీదకి చేరడానికి ఆ సమయం కావాలి.

రెండు కీలు కలిపి నొక్కలేని వాళ్ల సంగతి?

ఈ ప్రశ్న ఎక్కువమంది అడగరు, అడగాలి. ఒక చేత్తో ఆడేవాళ్లు, వేళ్లు సరిగ్గా కదలని వాళ్లు, స్టిక్కీ కీస్ మీద ఆధారపడేవాళ్లు ఉన్నారు. స్టిక్కీ కీస్ షిఫ్ట్, కంట్రోల్, ఆల్ట్, విండోస్ కీలకే సాయం చేస్తుంది, క్యూకీ ఎంటర్‌కీ చేయదు. ఆట ఆపడం ఎవరికీ కష్టం కాకూడదు. ఇంట్లో పాలు పొంగుతున్నా, బిడ్డ ఏడుస్తున్నా ఎదుటివాళ్ల అనుమతి కోసం చూడలేం.

అందుకే నా సలహా: జోడీని ఉంచండి, ఎస్కేప్ ఒక్కదాన్ని నొక్కినా ఆగనివ్వండి. స్పర్ధ పాడవకుండా ఒక్కొక్కరికీ ఆటకి రెండుసార్లో మూడుసార్లో ఒంటరిగా ఆపే హక్కు ఇచ్చి, ఎన్ని మిగిలాయో తెర మీద చూపించండి. మళ్లీ నడపడానికి మాత్రం ఇద్దరి జోడీ కావాలనవచ్చు. అలా అయితే ఎవరూ సిద్ధంగా లేనప్పుడు బంతి కదలదు. కీలు మార్చుకునే వీలు కూడా సెట్టింగ్స్‌లో పెట్టండి, "కలిపి నొక్కడానికి బదులు ఒకదాని తర్వాత ఒకటి" అనే ఎంపికతో సహా. పైన చెప్పినట్టు రెండు కీల సమయాలు రాసిపెడుతుంటే దానికి కొత్తగా రాయాల్సింది కొద్ది కోడే.

ఫోన్‌లో కీలు ఉండవు కదా?

రెండు వేళ్ల తాకిడిని వాడండి. బ్రౌజర్‌లో టచ్ ఈవెంట్‌తో వచ్చే టచెస్ జాబితాలో ఇప్పుడు తెర మీద ఉన్న వేళ్లన్నీ ఉంటాయి, సెట్ మీరు పెట్టుకోనక్కర్లేదు. ఒక వేలు ఎడమ సగంలో, ఒకటి కుడి సగంలో ఉన్న పాజ్ బొమ్మ మీద పడితే ఆట ఆపండి. "సిద్ధం" గుర్తు ఇక్కడ కూడా కావాలి. కాల్ వచ్చి ఆట వెనక్కి వెళ్తే టచ్ క్యాన్సిల్ వస్తుంది, దాన్ని వేలు తీసినట్టే లెక్కపెట్టండి.